షుకర్ అంటే సున్నా కాదు

ఫిబ్రవరి 3, సోమవారం

సున్నా వేశారు.

సాజిదా బేగం నొప్పికి మెడికల్ బోర్డు వాళ్లు పదికి సున్నా వేశారు. ‘నొప్పి గురించి అడుగగా ప్రస్తుతం ఆరాముగా ఉన్నట్లు పేషెంటు స్వయముగా తెలిపినది. పనికి అర్హురాలు.’ కింద ముగ్గురి సంతకాలు. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి.

మూడేళ్లుగా నా దగ్గరికి నొప్పి వైద్యానికి వస్తున్న మనిషి. హుస్సేనీ ఆలంలో సర్కారు బాలికల బడిలో ఆయా. నీళ్ల బకెట్లు మోయాలి, బెంచీలు జరపాలి, గదులు ఊడవాలి, మరుగుదొడ్లు కడగాలి. బస్సు మెట్ల మీంచి వెనక్కి పడ్డప్పటి నుంచి నడుము సలుపు, ఎడమ కాలు మడమ దాకా మంట. ఎమ్మారై తీస్తే ఫిలింలో ఏమీ కనపడలేదు. ఫిలింలో కనపడలేదు కాబట్టి ఒంట్లో కూడా లేదట. ఆ లెక్కన ఎమ్మారై మిషన్లు రాకముందు ఈ దేశంలో ఎవరికీ నడుము నొప్పే లేదు!

ఆమె అడిగిందేమిటి? పింఛనా, పరిహారమా? బడి గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్ల పేర్లు రాసుకునే పని. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. హెడ్మిస్ట్రెస్ కూడా సరేనంది. బోర్డు ఒక్క ముక్క రాస్తే చాలు.

అప్పీలుకు ఇరవయ్యో తేదీ ఇచ్చారు, అదీ ఈ బోర్డు ముందే. ఆ తరవాత ఇంకెవరికీ చెప్పుకోవడానికి లేదు. అక్కడా ‘అర్హురాలు’ అంటే మర్నాటి నుంచి మళ్లీ బకెట్లు ఎత్తాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి.

బోర్డు పెద్ద సోమశేఖర్. మెడికల్ కాలేజీలో నా పక్క బెంచీ. ఎముకల డాక్టరు. ఎముక విరిగితే తప్ప మనిషి విరగడని వాడి నమ్మకం.

ఫిబ్రవరి 4

సోమశేఖర్ ఫోన్ ఎత్తలేదు. నాలుగు సార్లు చేశాను.

ఫిబ్రవరి 5, బుధవారం

ఎత్తాడు.

“ఏంది కృపా, పొద్దుగాల్నే లొల్లి?”

“సాజిదా బేగంకు నొప్పి లేదని ఎట్ల రాస్తవ్ రా?”

“నేను రాసుడేంది? ఆమెనే చెప్పింది. కైసే హై అమ్మా అన్న. అల్లా కా షుకర్ హై, ఆరామ్ హై అన్నది. మంచిగ నవ్వుకుంట అన్నది. ఇంకేం రాయాలె మరి?”

“అది దేవుని దయ అన్నట్టు మర్యాదకు అనే మాట! పాతబస్తీల పుట్టి పెరిగినోనివి, గంత కూడా తెల్వదా నీకు?”

“అరె భాయ్, నువ్వే గదా పేపర్లల్ల రాస్తవు, మిషిన్ మాట కాదు, పేషెంటు మాటనే ప్రమాణం అని. సరేనని మిషిన్‌ను పక్కకు వెట్టిన. పేషెంటు మాటనే రాసిన. ఇప్పుడు అది గూడ తప్పంటే ఎట్ల?”

నా వాక్యం అది. నేనే రాశాను, పోయిన వేసవిలో, ఆదివారం పేజీలో. దాన్ని ఉండ చుట్టి నా మొహాన కొట్టాడు. పైగా నవ్వాడు. “మంచిగున్న అన్నోళ్లకు మంచిగలేరు అని రాస్తే నా మీద ఎంక్వైరీ పడ్తది” అన్నాడు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు జవాబులు తట్టాయి. అన్నీ మంచి జవాబులే.

ఫిబ్రవరి 7, శుక్రవారం

సాజిదా, ఆమె భర్త వహీద్ ఇద్దరూ వచ్చారు. వహీద్‌కు మొఘల్‌పురాలో మా ఆసుపత్రి వెనక సందులో గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

“డాక్టర్ సాబ్, ఈమెతోని అయితలేదు. బోర్డుకు నన్ను పంపున్రి. నాకు నడుము నొస్తలేదు గానీ నొస్తున్నట్టు గట్ల చెప్త, లోపటున్నోళ్లందరు ఏడుస్తరు.”

“ఆప్ చుప్ బైఠో జీ,” అని అతణ్ణి ఊరుకుని కూర్చోమంది సాజిదా. తను కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. కాసేపు ఒక కాలు మీద, కాసేపు ఇంకో కాలు మీద. నేను కూర్చోమంటే కూర్చుంది, అప్పుడు పెదవి కొరుక్కుంది. ఆ పెదవి కొరకడం ఏ ఫిలింలో పడుతుంది సోమశేఖర్?

“ఎందుకు చెప్పలేదమ్మా వాళ్లకు?” అని అడిగాను.

“ఎట్లున్నవని అడిగిండ్రు సాబ్. ఎట్లున్నవంటే షుకర్ అనాలె గద.”

“అది ఇంటికొచ్చిన చుట్టాలకు. వాళ్లు డాక్టర్లు!”

“డాక్టర్లయినా పరాయోళ్లే. పరాయోళ్ల ముంగట కూసోని అల్లా ఇచ్చింది మంచిగలేదు అంటే నాషుక్రీ అయితది.”

నాషుక్రీ. చేసిన మేలు మరిచిపోవడం. నడుము పట్టేసి, కాలు మండిపోతూ, రాత్రిళ్లు నిద్ర లేక గోడకు ఆనుకుని కూర్చునే మనిషికి భయం దేని గురించి? మేలు మరిచిందంటారేమోనని!

“నేను మీ దేవుడి మీద కంప్లైంటు ఇవ్వమనట్లేదు. సర్కారు మీద ఇవ్వమంటున్నాను” అన్నాను, కొంచెం గట్టిగానే.

“ఎవరి మీదనైనా నోరు నాదే గద సాబ్” అంది నెమ్మదిగా.

వహీద్ నా వైపు చూసి చేతులు తిప్పాడు, చూసిన్రా అన్నట్టు.

ఈ దేశంలో పేదవాళ్లకు అన్నిటికన్నా ముందు నేర్పే మాట ‘బాగున్నాను’. గుళ్లో నేర్పుతారు, మసీదులో నేర్పుతారు, చర్చిలో మరీ పాట కట్టి నేర్పుతారు. మీద కూర్చున్న వాళ్లకు దీనికన్నా సుఖం ఏముంది? కింద నలిగేవాడే పైనున్న వాడికి నలగడం లేదని సర్టిఫికెట్ ఇస్తున్నాడు. దీని మీద ఒక వ్యాసం రాయాలి. పేరు కూడా తట్టింది: ‘కృతజ్ఞత అనే మత్తుమందు’. మత్తు గురించి రాయడానికి, ఒకప్పటి మత్తు డాక్టరును, నాకన్నా అర్హుడెవడు?

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇంట్లో మాత్రం ఒక మంచి మార్పు. రాయకుండా ఉండలేను.

అమ్మ మోకాళ్ల మీద ప్రార్థన మానేసింది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. పొద్దున లేవగానే, సాయంత్రం దీపాలు పెట్టే వేళ, మంచం పక్కన గచ్చు మీద మోకరించి, దుప్పటి అంచు మీద నుదురు ఆనించి, సంతోష్‌నగర్ అంతా వినపడేలా ప్రార్థన. నాన్న డానియేలు పోయిన రోజు కూడా మానలేదు. ఇప్పుడు కొన్ని నెలలుగా మంచం మీదే కూర్చుని, పెదవులు కదుపుతూ కానిచ్చేస్తోంది. చర్చికి కూడా వారం విడిచి వారం.

ఇన్నేళ్లు ఆమెతో వాదించాను. దేవుడుంటే మనిషిని మోకాళ్ల మీద ఎందుకు చూడాలనుకుంటాడే అమ్మా, అదేం సరదా, అని ఎన్నిసార్లు అడిగానో. పైకి ఒప్పుకోదు, కానీ మాట లోపల పని చేస్తుంది. గట్టిగా, పదే పదే చెప్తే ఎవరైనా మారతారు.

పొద్దున ఆమె గదిలోకి తొంగి చూసి “ఎట్లున్నవమ్మా” అన్నాను. “దేవునికి స్తోత్రం బిడ్డా, మంచిగున్న” అంది. ఆ స్తోత్రం ఒక్కటి ఇంకా పోలేదు. అలవాటు.

ఈ సంగతి నా పెళ్లాం రూపకు చెప్తే, కూర తరుగుతున్న కత్తి ఆపి నా మొహంలోకి చూసింది. “అవునా? నీ వాదన వల్లనే మారిందా?” అంది. మళ్లీ తరగడం మొదలుపెట్టింది. ఆమెకు నా వ్యాసాలంటే మొదటి నుంచీ చిన్నచూపు.

ఫిబ్రవరి 12, బుధవారం

మేనేజ్‌మెంట్ మీటింగు. “డాక్టర్ కృపాకర్, మీ దగ్గర ఒక్క పేషెంటు మాట్లాడి బయటికొచ్చేలోపు పక్క గదిలో ఆరుగురు అయిపోతున్నారు” అన్నాడు మేనేజరు. అయిపోతున్నారు! ఎంత నిజమైన మాట వాడాడో వాడికే తెలీదు.

నడుముకు ఇంజెక్షన్ వేస్తే ఆసుపత్రికి పేరు, పేషెంటుకు కొన్ని వారాలు. తర్వాత మళ్లీ ఇంజెక్షన్. నేను ఇంజెక్షన్‌కు శత్రువును కాను. అవసరమైన చోట వేస్తాను, బాగా వేస్తాను. కానీ ముందు మనిషి మాట అయిపోవాలి కదా. ఏళ్ల తరబడి నొప్పితో ఉన్నవాళ్లు మొదటి రోజు చెప్పేది నొప్పి గురించి కాదు. తమను ఎవరెవరు నమ్మలేదో చెప్తారు. ఆ వరస అంతా వినకుండా మందు రాస్తే, ఆ వరసలో చివరి పేరు మనదే అవుతుంది.

పేషెంట్లకు నేను కాలింగ్ బెల్ సంగతి చెప్తాను. గుమ్మం ముందు దొంగ నిలబడితే బెల్లు మోగుతుంది. అది దెబ్బ తగిలిన రోజు నొప్పి. దొంగ పోయాక కూడా స్విచ్చి ఇరుక్కుపోయి బెల్లు మోగుతూనే ఉంటే? మన ఎముకల డాక్టరు తలుపు తీసి చూసి, ఎవ్వరూ లేరు, మీరు ఊరికే అంటున్నారు అంటాడు. ఎవ్వరూ లేని మాట నిజమే. మోత అబద్ధమా మరి? ఆ స్విచ్చిని మెల్లగా వదులు చెయ్యాలి. నరాలు నెమ్మదించే చిన్న మాత్ర, నిద్ర, రోజుకు కొంచెం ఎక్కువ నడక, భయం తగ్గించే మాట. ఏళ్లు పడుతుంది. ఏళ్లు పట్టేదానికి మీటింగుల్లో చూపించే బొమ్మ ఉండదు.

ఈ నొప్పి వైద్యంలోకి ఎందుకొచ్చానో ఈ మేనేజరుకేం తెలుసు. సగం జీవితం మత్తు డాక్టరుగా పనిచేశాను. ఆపరేషన్ గదిలో పేషెంటు నోరు మూయించడమే నా ఉద్యోగం. ఒకసారి తోపుడుబండి అతనికి షుగరు ముదిరి మోకాలి కింద కాలు తీసేశారు. మర్నాడు వార్డులో, లేని కాలి బొటనవేలు పీకుతోందని ఏడ్చాడు. సర్జన్ నవ్వాడు. నర్సులు నవ్వారు. పక్క మంచాల వాళ్లూ నవ్వారు. చివరికి అతనే, అందరితో పాటు, సిగ్గుపడుతూ నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు పట్టిన కోపం ఇవాళ్టికీ దిగలేదు. దిగనివ్వను కూడా.

ఫిబ్రవరి 13, గురువారం

బోర్డు కోసం సాజిదాకు ట్రైనింగ్. మా ఫిజియోథెరపిస్టు ఫరీహా సోమశేఖర్ వేషం వేసింది. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చుంది.

“కైసే హై అమ్మా?”

“అల్లా కా షుకర్...”

“నహీఁ!” అని అరిచాను.

“సర్, మీరు గట్ల అరుస్తే నాకే నడుము పట్టుకుంటది” అంది ఫరీహా.

మళ్లీ మొదటి నుంచి. ఎట్లున్నావంటే నేరుగా నొప్పి గురించే చెప్పాలని, పదిలో ఎంత అంటే తడుముకోకుండా తొమ్మిది అనాలని నేర్పాను.

“పదిల ఎంత నొస్తుందమ్మా?”

“తొమ్మిది,” అంది సాజిదా.

చప్పట్లు కొట్టబోయాను.

“తొమ్మిది. అల్హమ్దులిల్లా,” అని అల్లాను పొగిడి మరీ పూర్తిచేసింది.

ఫరీహా బల్ల మీద తల వాల్చి నవ్వింది. సాజిదాకూ నవ్వొచ్చింది. నవ్వితే నడుములో కలుక్కుమన్నట్టుంది, నవ్వు సగంలో ఆపి చేత్తో పట్టుకుంది.

“పోనీ పదే చెప్పండి. పది అంటే ఇక తిరుగుండదు” అన్నాను.

“పది అంటే ఇంక మిగలదు గద సాబ్. రేపు ఎక్కువయితే పైవానికి ఏం చెప్పాలె?”

పదకొండు సార్లు చేయించి ఉంటాను. ప్రతిసారీ షుకర్ ముందే వచ్చి కూర్చుంటోంది. నా గొంతు పెరిగింది. ‘మీ కోసమే కదా నేను ఇంత కొట్లాడుతున్నది’ అని కూడా అన్నాను. అప్పుడు సాజిదా దుపట్టా సర్దుకుని, “ఒక మాట సాబ్. గుస్సా రాకుంటే చెప్త,” అంది.

“నాకెందుకొస్తుంది గుస్సా?”

“నేను కాలు మండుతుందంటే మీ మొఖం ఎర్రగయితది. ఆ బోర్డోళ్లను, సర్కారును, అందర్ని తిడ్తరు. ఇంటికి పోయినంక వహీద్‌కు చెప్త, ఇయ్యాల జర తక్కువ జేసి చెప్పొచ్చిన, లేకుంటే సాబ్‌కు బీపీ పెరుగుతది అని.”

ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాననే అనుకుంటున్నాను.

ఇంటికొస్తూ దారంతా ఆలోచించాను. ఒక రకంగా అది మెచ్చుకోలే. తన కోసం కోపం తెచ్చుకునే డాక్టరును ఆమె ఇంతవరకు చూసి ఉండదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

వ్యాసం పూర్తయింది. ‘కృతజ్ఞత అనే మత్తుమందు.’ ఒక్క ఊపులో వచ్చింది, ఎక్కడా ఆగలేదు. రూపకు చదవమని ఇచ్చాను. కాలేజీలో తెలుగు చెప్తుంది కాబట్టి అచ్చుతప్పులైనా పట్టుకుంటుందని.

చదివి పక్కన పెట్టింది. “సాజిదా ఏది ఇందుల?”

“మొత్తం ఆమె గురించే కదా!”

“ఆమె పేరుంది. మాట లేదు. అంతా నువ్వే మాట్లాడుతున్నవ్.”

వాదన మొదలవుతుండగా లోపలి నుంచి అమ్మ పిలిచింది. స్నానాల గదిలోకి ప్లాస్టిక్ స్టూలు కావాలట, కొంచెం ఎత్తుది. ఇంట్లో రెండు పీటలు ఉండగా స్టూలెందుకే అంటే, “ఊకనే బిడ్డా, తీరినప్పుడు తే” అంది. ఇలాంటి వాటికి ఆదివారమే గుర్తొస్తుంది ఈవిడకు. రూప చెప్పులేసుకుని బజారుకు వెళ్లి తెచ్చింది.

వ్యాసం ఇంకా పంపలేదు. బోర్డు అయ్యాక పంపుతాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

హుస్సేనీ ఆలంలో సాజిదా ఇంటికి వెళ్లాను. పాత పేషెంట్ల ఇళ్లు ఒక్కసారైనా చూడటం నా పద్ధతి. మంచం ఎత్తెంత, నీళ్లు ఎక్కడి నుంచి మోస్తారు, ఎన్ని మెట్లు ఎక్కాలి, ఇవి చూడకుండా వ్యాయామాలు చెప్పడం దండగ. ఫరీహా వెంట వచ్చింది. బోర్డుకు ముందు ఇంకొక్కసారి తొమ్మిది సాధన చేయిద్దామని కూడా నా ఆలోచన.

రెండు గదుల ఇల్లు. వహీద్ చాయ్ పోస్తూ పాలవాడి మీద, కరెంటు వాళ్ల మీద, తన గడియారాలను మింగేసిన సెల్‌ఫోన్ల మీద వరసగా ఫిర్యాదులు చెప్తున్నాడు. సాయంత్రం అజాన్ వినపడింది. సాజిదా “జర ఆగున్రి సాబ్, నమాజ్ చదివి వస్త” అని పక్క గదిలోకి వెళ్లి తెర వేసుకుంది.

తెర వేసేముందు కనపడింది. నమాజు చాప పరిచి ఉంది. చాప మీద తెల్ల ప్లాస్టిక్ కుర్చీ.

“ఆ కుర్చీ ఎందుకు?” అని ఫరీహాను అడిగాను.

“కుర్సీ మీద కూసోని చదువుతది సర్. ఒంగి నేలకు నుదురు ఆనిచ్చుడు చేతగాకుంటే అట్ల చదవొచ్చు. తలకాయ వంచితే చాలు.”

వహీద్ ఫిర్యాదులు మొదటిసారి ఆగాయి. చాయ్ కప్పు కింద పెట్టాడు. “పోయిన రంజాన్ల రాత్రి చదివే తరావీ నమాజ్‌ల కింద వంగింది సాబ్. మళ్ల లేవలే. నేను, నా తమ్ముడు గలసి లేపినం. గప్పటి సంది కుర్సీనే. కుర్సీ నేనే కొనుక్కొచ్చిన. ఆ దినం ఈమె అన్నం తినలే.”

సాజిదా బయటికొచ్చింది. ఈ మాట ఇన్నాళ్లు నాతో ఎందుకనలేదని అడిగాను. గొంతు పెంచకుండానే అడిగాను, అది ఎలా సాధ్యమైందో తెలీదు.

“మీరు అడగలే గద సాబ్. నొప్పి ఎంత, ఎంత అని అడిగిన్రు.”

“ఇది చెప్తే నాషుక్రీ కాదా?”

“కుర్సీ మీద చదువుడు షికాయత్ కాదు సాబ్, ఎవరి మీద ఫిర్యాదు కాదు. అట్ల చదవనీకె ఇజాజత్ ఉంది. అల్లానే ఇచ్చిండు ఆ సులువు.” ఆగింది. “నా పేరు మా బాబా పెట్టిండు. సాజిదా అంటే సజ్దా చేసేది, నేలకు నుదురు ఆనిచ్చేది అని. ఇప్పుడు ఉత్త పేరే మిగిలింది.”

మూడేళ్లలో ఆమె కంట్లో నీళ్లు చూడటం ఇదే మొదటిసారి. ఎమ్మారై చూపించినప్పుడు లేవు, బోర్డు కాగితం వచ్చినప్పుడు లేవు.

తొమ్మిది సాధన చేయించలేదు.

ఫిబ్రవరి 19

రేపు. నోరు అదుపులో పెట్టుకోవాలి. నోరు అదుపులో పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 20, గురువారం

బోర్డు గది. సోమశేఖర్, అతని పక్కన జుట్టు నెరిసిన ఆఫీసరు అమరనాథ్, చివర్లో ఒక కుర్ర డాక్టరమ్మ. సాజిదా ఎదురుగా కూర్చుంది. నేను గోడ పక్కన. వైద్యం చేసే డాక్టరు హోదాలో ఒక్క ప్రశ్నకు మాత్రం పర్మిషన్ ఇచ్చాడు సోమశేఖర్. “ప్రశ్ననే కృపా. ఉపన్యాసం కాదు” అన్నాడు.

“కైసే హై అమ్మా?”

సాజిదా ఒకసారి నా వైపు చూసింది. “అల్లా కా షుకర్ హై,” అంది.

సోమశేఖర్ పెన్ను కాగితం మీదకి వంగింది. నా చెవులు వేడెక్కాయి. పదకొండు రకాల తిట్లు నోటి దాకా వచ్చాయి.

“సాజిదా గారూ, మీరు నమాజ్ కింద చదువుతున్నారా, కుర్చీ మీదనా?” అన్నాను.

“కుర్సీ మీద సాబ్.”

“ఎప్పట్నుంచి?”

“పోయిన రంజాన్ సంది. కింద వంగితే లేవస్తలేదు. ఇద్దరు లేపాలె.” అంతే చెప్పింది. నొప్పి అన్న మాట కూడా అనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సోమశేఖర్ పెన్ను ఆగిపోయింది. ఒకటన్న ప్రశ్న అప్పటికే రెండయింది కాబట్టి నేను గోడకు వీపు ఆనించి పళ్లు బిగించాను. 

“మా శాలిబండ ఇంటి పక్కపొంటి ఒక ఖాలా, మాకు పిన్ని లెక్క, ఉండె,” అన్నాడు సోమశేఖర్, ఎవరితోనో తెలీకుండా. “టైఫాయిడ్ వస్తె గూడ కిందనే చదివేది. మా అమ్మ తిట్టేది, ఇప్పుడు గూడ వంగాల్నా అక్కా అని. వంగుడు బంద్ జేసిందంటె...” పూర్తిచేయలేదు. సాజిదా వైపు తిరిగాడు. ఈసారి ఎట్లున్నావని అడగలేదు. కింద కూర్చోగలవా, ఎవరు లేపుతారు, రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకుంటావు, బట్టలు ఎవరు పిండుతారు అని అడిగాడు. అన్నిటికీ ఆమె ఉన్నదున్నట్టు జవాబిచ్చింది. ఏ జవాబులోనూ ఫిర్యాదు లేదు. అమరనాథ్ మధ్యలో “బడిల బకెట్ ఎంత పెద్దదమ్మా?” అని అడిగాడు. చేతులు చాచి చూపించింది. చూపిస్తుంటే పెదవి కొరుక్కుంది. కుర్ర డాక్టరమ్మ అది చూసింది.

కూర్చుని చేసే పని ఇచ్చారు. ఆరు నెలలకు. ఆ తర్వాత మళ్లీ పరీక్షకు రావాలి. ఆరు నెలలు! ఆ స్విచ్చి వదులు కావడానికి ఏళ్లు పడుతుందని ఎన్నిసార్లు రాశాను? ఆరు నెలల తర్వాత ఈమె వచ్చి మళ్లీ షుకర్ అనాలి, మీరు మళ్లీ పెన్ను ఎత్తాలి, ఇదీ తంతు! అంతా వాడి మొహం మీదే అనేవాణ్ణి. సాజిదా లేచి ముగ్గురికీ సలాం చెప్తుంటే ఊరుకున్నాను.

వరండాలో ఫరీహాతో పాటు ఆగిన వహీద్ గోడ గడియారం చూస్తున్నాడు. అది ఆగిపోయి ఉందట, ఎవరికీ పట్టలేదట. సంగతి చెప్పగానే, “ఆరు నెలలేనా? నన్ను లోపటికి రానిస్తె ఏడాది ఇప్పిస్తుంటి” అన్నాడు. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

మెట్లు దిగుతూ సాజిదా అడిగింది. “మీ అమ్మ ఎట్లున్నరు సాబ్? మంచిగున్నరా?”

“ఆఁ, బాగుంది. ఎప్పుడు అడిగినా స్తోత్రమే.”

“స్తోత్రం అంటే ఏంది సర్?” అంది ఫరీహా.

“అంటే... షుకర్.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక కాలు ముందుకు పడలేదు. వహీద్ కింది మెట్టు మీద ఆగి వెనక్కి చూశాడు. “ఏమైంది సాబ్, తాళంచెవి లోపట మర్చిపోయిన్రా?”

ఫిబ్రవరి 21, శుక్రవారం

నిన్న సాయంత్రం సంగతి.

ఇంటికెళ్లేసరికి అమ్మ మంచం అంచున కూర్చుని ప్రార్థన చేసుకుంటోంది. రూప తెచ్చిన స్టూలు కాళ్ల కింద ఉంది. ఆమేన్ అనే దాకా గుమ్మంలో నిలబడ్డాను.

“ఏంది బిడ్డా, గట్ల నిలబడ్డవ్?”

“మంచిగున్నవా అమ్మా?” నోరు జారింది. అలవాటు.

“దేవునికి స్తోత్రం, మంచిగున్న.”

“అది గాదు. కిందికి దిగి మోకాళ్ల మీద ప్రార్థన ఎందుకు చేస్తలేవు?”

వంటింటి గుమ్మంలోంచి రూప తొంగి చూసింది. అమ్మ రూపను చూసింది. వీళ్లిద్దరి మధ్యా ఏదో నడిచిందని అప్పటికి అర్థమైంది నాకు.

“వానాకాలం సంది,” అంది అమ్మ. “కింద ఆనిస్తె సూదులు గుచ్చినట్టయితుంది. ఒకసారి లేవస్తలేకుంటె రూపనే లేపింది.”

“మరి నాకెందుకు చెప్పలే? రోజు పొద్దున నేను పోయి చేసే పనే అది గదనే!” ఇల్లదిరేలా అరిచాను.

“గిందుకే.”

“ఎందుకే?”

“ఇప్పుడు సూస్కో నీ మొఖం అద్దంల.” దుప్పటి మడత సవరించుకుంది. “దేవుడు మంచమ్మీదికెల్లి చెప్పినా ఇంటడు బిడ్డా. లొల్లి జెయ్యడు.”

మంచి జవాబులన్నీ తర్వాత తడతాయి కాబోలు, నిన్న అవి కూడా తట్టలేదు. స్టూలు పక్కకు జరిపి, మంచం ముందు గచ్చు మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాను. ఆమె ఎడమ మోకాలు రెండు చేతుల్లోకి తీసుకున్నాను. వేడిగా ఉంది. వాపు కంటికే తెలుస్తోంది. చిప్ప పక్కన నొక్కితే కాలి వేళ్లు బిగించింది.

“ఎక్కడెక్కడ నొస్తుందో నువ్వే చూపియ్యి. నేనేమీ అనను” అన్నాను.

అమ్మ చూపించలేదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

“రూపా! ఓ రూపా! ఉరికి రా, సూడు! ఇన్నేండ్లు నేను జేసిన ప్రార్థన ఇన్నడు! నా కొడుకు మోకాళ్ల మీదికొచ్చిండు!”

రూప తలుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి అక్కడే కూలబడింది. అమ్మ మంచం మీద ఊగుతూ హల్లెలూయా అంటోంది. పక్కింటి వాళ్లు కూడా వినే ఉంటారు.

నేను మోకాలు పరీక్ష చేస్తున్నాను. ఈ సంగతి ఇక్కడ స్పష్టంగా రాసి పెడుతున్నాను. పేషెంటు ఎత్తులో కూర్చుని ఉన్నప్పుడు డాక్టరు కిందికి దిగడం తప్ప మార్గం లేదు. దానికి వేరే అర్థం తీయడం దుర్మార్గం.

లేవబోతే నా కుడి మోకాలు కలుక్కుమంది. మంచం పట్టుకుని నిలబడ్డాను.

“ఏమైంది బిడ్డా?” అంది అమ్మ, నవ్వు ఆపి.

“ఏం లేదమ్మా. మంచిగున్న.”